పది వేళ్ళ గోలందాజు

మా పొద్గాయ్ ఊళ్లో ఒక మగవాడికి ఫిరంగుల సంగతి ఎంత తెలుసో కనుక్కోవాలంటే అతన్ని ప్రశ్నలు అడగనక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. ఒక వేలు తక్కువైతే అనుభవం ఉన్నవాడు. రెండు తక్కువైతే పెద్దమనిషి. రోక్ తాతకు కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి కనుక ఆయన మా ఫిరంగుల సంఘానికి గౌరవ గురువు. పదీ ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పాపం ఇంకా నేర్చుకుంటున్నాడులే అని ఊరుకుంటారు.

వాలెంట్ ప్రెసెచ్కికి యాభై దాటాయి. వేళ్ళు పది. అతని కష్టమంతా అదే.

అతను మా అమ్మాయికి జ్ఞానస్నానం నాడు గాడ్‌ఫాదర్‌గా నిలబడ్డాడు. ఆ వరసన నాకు బావ. కింది పట్నంలో పెంకుల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మిగతావాళ్ళు జెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చుంటే, ఇతను పాత ఇనుము కింద అమ్మేస్తున్న లేత్ మెషీన్ కొనుక్కుని ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మెషీన్ వాకిలి గుమ్మంలో పట్టలేదు. గోడ పగలగొట్టాడు. అతని భార్య యాల్జా, వరస ఏదైనా నేను వదిన అనే అంటాను, ముందుగది పోయిందని ఏడ్చింది.

"సోఫా ఎక్కడ పెట్టను?" అంది.

"కూర్చునే తీరిక నీకెప్పుడుంది?" అన్నాడు బావ.

ఆ లేత్ మీద అతను చేసిన మొదటి వస్తువు, ఆఖరి వస్తువు కూడా, ఫిరంగి. మధ్యలో నాగళ్ళకు బోల్టులూ, పంపులకు ఇరుసులూ చేశాడు గాని అవి కూటికోసం. ఫిరంగికి అతుకులేని ఉక్కు గొట్టం తెచ్చాడు. గొట్టం లోపలి వెడల్పు ఎంతో, తుపాకిమందు ఉండే చోట చుట్టూ గోడ మందం కూడా అంత ఉండాలన్నాడు. వెనక మూత మరలు కోసి బిగించి, దాని మీద నాచేత వెల్డింగ్ చేయించాడు. చేశాక దాన్ని రెండు ముక్కలుగా కోసి వెల్డింగ్ ఎంత లోతుకు దిగిందో చూశాడు. దిగింది. అయినా ఇంకోటి చేయించాడు, ఎందుకంటే మొదటిదాన్ని కోసేశాడు కదా. అకేసియా కర్రతో బండి చేశాడు. చక్రాలు తానే చెక్కి, కాల్చిన ఇనప పట్టాలు తొడిగాడు. ఎంత బాగా చేశాడో అంత డప్పు కొట్టుకునేవాడు కూడా. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతిలో టార్చిలైటు పెట్టి గొట్టంలోకి చూడమనేవాడు. "అద్దంలా లేదూ?" అనేవాడు. లేదంటే మళ్ళీ చూడమనేవాడు.

తర్వాత దాన్ని దూరాన ఉన్న పెద్ద ఊరికి తీసుకెళ్ళి, ఆయుధాలు పరీక్ష చేసే చోట రెట్టింపు మందుతో పేల్పించి, ముద్ర వేయించుకొచ్చాడు. మా ప్రాంతంలో అలా ముద్ర ఉన్న ఫిరంగి అదొక్కటే. ముద్ర వేయించుకున్నందుకు సంఘంలో అతన్ని కొంచెం అనుమానంగా చూశారు. సొంత ఫిరంగి మీద నమ్మకం లేనివాడే కదా పరీక్ష చేయించుకునేది.

ఇక అతని నియమాలు. పేల్చాక వెంటనే మళ్ళీ కూరకూడదు, ఆగాలి. ముందు తడి తోముడు, తర్వాత పొడి తోముడు. మందు డబ్బాలోంచి వంపకూడదు, కొలిచి రేకు కాగితంలో పొట్లం కట్టి పెట్టుకోవాలి. కూరేటప్పుడు రంజకం, అంటే నిప్పంటించే సన్నమందు, పోసే చిల్లును తోలు తొడిగిన బొటనవేలితో మూసి ఉంచాలి. కూరేవాడు గొట్టం నోటికి ఎదురుగా నిలబడకూడదు. ఇవన్నీ మంచి మాటలే. కాని బావ వీటిని పెళ్ళిళ్ళలో చెప్పేవాడు. చావు భోజనాల్లో చెప్పేవాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిపించుకుని ఉండగా కూడా చెప్పబోయాడట.

ఇంతకూ అతనికి కావలసిందల్లా ఒకటే. ఈస్టర్ తెల్లవారుజామున, గుడిలో క్రీస్తు లేచాడని చాటే మహిమ గంట మోగగానే, గుట్ట మీద మా ఊరి ఫిరంగి పేలాలి. పేల్చేవాణ్ణి పెద్ద గోలందాజు అంటారు. కోడిపుంజు ఈక ఉన్న టోపీ అతను ఒక్కడే పెట్టుకుంటాడు. ఫాదర్ గారు దీవించిన నెగడు దగ్గరికి తానే వెళ్ళి వత్తి తాడు అంటించుకుని రావాలి. ఆ నిప్పు వేరేవాళ్ళు తేకూడదు, మధ్యలో ఆరితే అగ్గిపుల్లతో వెలిగించకూడదు. బావ తాత ఆ పని చేశాడు. బావ తండ్రి చేయలేదు, దానికి ఇంట్లో ఏవో కారణాలు చెప్పేవారు. బావ ఆ టోపీ కోసం ఎదురుచూస్తూ నెరిసిపోయాడు.

పదివేళ్ళవాడికి టోపీ ఇచ్చే ఆనవాయితీ మాకు లేదు.

సంఘానికి అధ్యక్షుడు ఆలొయ్జ్. పై ఊళ్లకు టైర్లు అమ్ముతాడు. అతని హయాంలో సంఘం చాలా అభివృద్ధి చెందింది. అందరికీ ఎర్ర కోట్లు కుట్టించారు. ఇత్తడి గుండీల మీద ఫిరంగి బొమ్మ ఉండాలా, ద్రాక్ష గుత్తి ఉండాలా అని ఒక చలికాలమంతా చర్చించి, ద్రాక్ష గుత్తిలోంచి ఫిరంగి వస్తున్నట్టు వేయించారు. జెండా ఉంది. జెండాకు పెట్టె ఉంది. పెట్టె మోసేవాడికి వేరే టోపీ ఉంది. ఈ పనుల్లో పడి ఫిరంగిని ఎవరూ పట్టించుకోలేదు. సంఘం పాత ఇనప మోర్టారు, అంటే పొట్టి ఫిరంగి, ఒక ఈస్టర్ నాడు నిలువునా చీలి, సగం ఫాదర్ గారి కూరగాయల మడిలోనూ సగం దేవుడికే తెలిసిన చోటా పడింది. దేవుడి దయవల్ల ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. అందుకని దాని గురించి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

అలా సంఘానికి కోట్లున్నాయి, ఫిరంగి లేదు. బావకు ఫిరంగి ఉంది, కోటు లేదు.

పైగా లోయకు అవతల గుట్ట మీద కమెనిత్స ఊరుంది. ఈస్టర్ పొద్దున వాళ్ళు పేలుస్తారు, మేం పేలుస్తాం. ఎవరి మోత ఆఖరున వినబడుతుందో వాళ్ళు గెలిచినట్టు. బహుమానం ఏమీ లేదు. ఏడాది పొడుగునా సంతలో ఎగతాళి చేసే హక్కు మాత్రమే. కాని ఆ హక్కు వరసగా కొన్నేళ్ళు పోగొట్టుకున్నవాడికి తెలుస్తుంది దాని విలువ. కమెనిత్స వాళ్ళు మా ఊరివాళ్ళు కనబడితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు? వినబళ్ళేదు," అనేవాళ్ళు. బజార్లో గుడ్లు అమ్మే ముసలమ్మలు కూడా అనేవాళ్ళు.

లెంట్ ఉపవాసాల రోజుల్లో ఆలొయ్జ్ ఎర్రకోటు వేసుకుని బావ వాకిట్లోకి వచ్చాడు. నేను అక్కడే బండికి గ్రీజు పెడుతున్నాను.

"వాలెంట్, నీ ఫిరంగి ఊరిది," అన్నాడు.

"ఈయన లేత్ తెచ్చినరోజు మరి గోడ ఊరిది కాలేదేం?" అంది యాల్జా వదిన లోపల్నించి.

ఆలొయ్జ్ అది వినబడనట్టు గొట్టం మీద చెయ్యి వేశాడు. "ఇది ఎంత మందు తింటుంది?"

"నేను పెట్టినంత."

"అంతకు రెండింతలు పెడితే?"

"పరీక్షలో ఒకసారి పెట్టారు. అది పరీక్ష. రోజూ పెట్టే తిండి కాదు."

"పైన బంకమన్ను దట్టిస్తే మోత పెరుగుతుందంటారు."

"పెరుగుతుంది. మోతతోపాటు ఇంకేవో కూడా పెరుగుతాయి. రోక్ తాతనడుగు, ఆయన చేత్తో చూపిస్తాడు."

ఆలొయ్జ్ గొట్టం మీంచి చెయ్యి తీశాడు. "సరే. ఈస్టర్‌కి నువ్వే పేల్చు. తాత్కాలిక పెద్ద గోలందాజువి. టోపీ పెట్టుకో, ఈక మాత్రం వద్దు. కమెనిత్సను మించితే సోమవారం సభలో ఈక కూడా ఇస్తాం."

"నా మందు, నా కొలత."

"నీ కొలతే. ఎవడు కాదన్నాడు?"

బావ ఆ రోజు సాయంత్రం టోపీని లేత్ మీద పెట్టి చాలాసేపు చూశాడు. వదిన దాన్ని తీసి దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఈస్టర్ నాడు ఇంకా మంచు విడవకముందే ఫిరంగిని ట్రాక్టర్‌తో గుట్ట మీదికి లాగాం. ఊరంతా వచ్చింది. బుట్టల్లో ఉప్పు పట్టించిన పంది మాంసం, రంగు గుడ్లు, ఘాటు వేరు తురుము, ఫాదర్ గారి దీవెన కోసం. బావ గొట్టాన్ని తోమాడు, పొట్లం కూరాడు. అతని కూరే కర్రకు ఒక గాటు ఉంది, సరిగా కూరితే ఆ గాటు గొట్టం నోటికి సమంగా నిలుస్తుంది. నిలిచింది. చిల్లులోంచి సూదితో పొట్లం పొడిచి, రంజకం పోసి, పైన తోలు మూత కప్పాడు. నన్ను కాపలా ఉంచి, తాను వత్తి కర్ర పట్టుకుని దిగువన నెగడు దగ్గరికి వెళ్ళాడు.

అతను చెట్ల వెనక్కి వెళ్ళగానే ఆలొయ్జ్ నా దగ్గరికి వచ్చి, "ఫాదర్ గారి కారుకు నీ ట్రాక్టర్ అడ్డం వచ్చింది, కాస్త జరపవయ్యా," అన్నాడు. నిజంగానే అడ్డం ఉంది. జరిపి వచ్చాను.

బావ నిప్పు తెచ్చుకుని వచ్చాడు. వత్తి చివర ఎర్రగా ఉంది. వెనకాలే ఫాదర్ గారు నీళ్ళ బిందెతో వచ్చారు. అందరం మోకరించి తలలు వంచాం. రోక్ తాత మాత్రం ఫిరంగి నోటి పక్కన చేతికర్ర మీద ఒరిగి నిలబడ్డాడు. మోకాళ్ళు వంగవు కదా అనుకున్నాం.

ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు పవిత్ర జలం చల్లబోతూ ఆగారు. "ఆ తోలు ఏంటి వాలెంట్?"

"రంజకం తడవకుండానండి."

"దేవుడి దీవెన తోలు మీద పడితే మందుకేం అందుతుంది?"

ఇంకెవరైనా ఆ మాటంటే బావ పెళ్ళిలో చెప్పే ఉపన్యాసమంతా చెప్పేవాడు. కాని ఇతను ఆదివారం ప్రార్థన ఎన్నడూ మానినవాడు కాదు. తాత చేసిన పని తాను చేసే రోజు. దీవెన అందకుండా పోతుందేమోనని అతనికీ అనిపించింది. తోలు ఎత్తి పక్కకు పట్టుకున్నాడు. ఫాదర్ గారు ధారాళంగా చల్లారు. ఆయన ఏ పనైనా మనసు పెట్టి చేస్తారు.

మహిమ గంట మోగింది.

"నోటి ముందు ఎవరూ వద్దు. వెనక్కి జరగండి. చెవులు," అన్నాడు బావ. వత్తి ఆనించాడు.

తుస్సుమంది. కాస్త ఆవిరి లేచింది. అంతే.

అదే సమయానికి అవతలి గుట్ట మీద కమెనిత్స ఫిరంగి దిక్కులు అదిరేలా పేలింది. వెంటనే ఇంకోటి. లోయలో కుక్కలన్నీ మొరిగాయి.

"మళ్ళీ అంటించు," అన్నాడు ఆలొయ్జ్.

బావ వత్తి కర్ర నాకిచ్చి, ఫిరంగికీ జనానికీ మధ్య రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "అరగంట ఎవరూ దీని దగ్గరికి రాకూడదు."

"అరగంటా?"

"లోపల నిప్పు నిద్రపోతూ ఉండొచ్చు."

"ఊరి పరువు కూడా నిద్రపోతోంది, దాన్ని ముందు లేపు," అన్నాడు ఆలొయ్జ్.

రోక్ తాత కర్ర తాటించుకుంటూ ముందుకొచ్చాడు. "తప్పుకోరా అబ్బాయ్. చిల్లులో ఊదితే రాజుకుంటుంది. నేనెన్నిసార్లు ఊదలేదు?"

"ఆ కనుబొమ్మలు అందుకేగా పోయాయి తాతా."

"మళ్ళీ మొలిచాయి."

"వేళ్ళు మొలవలేదుగా."

తాత అతన్ని ఎగాదిగా చూశాడు. "పది వేళ్ళున్నవాడికి భయం ఎక్కువ. పోగొట్టుకోడానికి చాలా ఉందిగా."

జనం నవ్వారు. కమెనిత్స మళ్ళీ పేల్చింది. ప్రతి మోతకూ ఆలొయ్జ్ కడుపులో ఎవరో గుద్దినట్టు వంగేవాడు. అవతల జనం కేరింతలు కూడా గాలికి వినబడుతున్నాయి. మాంసం చల్లారిపోతోందని ఆడవాళ్ళు సణిగారు. ఎవరో గుడ్డు విసిరారు. అది బావ భుజానికి తగిలింది. ఈస్టర్ గుడ్డు కనుక గట్టిగా ఉడికింది, దెబ్బ తగిలే ఉంటుంది. అతను కదల్లేదు. టోపీ తీసి పక్కన పెట్టాడు.

"ఇక దీని మీద ఆశ వదులుకో వాలెంట్," అన్నాడు ఆలొయ్జ్, ఆ టోపీని చూపిస్తూ.

"వదులుకుంటాలే. నువ్వు మాత్రం వెనక్కి జరుగు."

యాల్జా వదిన జనంలోంచి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. చేతులు చాపలేదు గాని నడుం మీద పెట్టుకుంది. దాంతో ముందుకొచ్చేవాళ్ళు తగ్గారు.

కొంతసేపటికి కమెనిత్స మోతలు పలచబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. వాళ్ళ గంట కూడా ఆగింది. వాళ్ళు గెలిచి, మందంతా అయిపోగొట్టుకుని, భోజనాలకు వెళ్ళిపోయారు.

అరగంట గడిచాక బావ చిల్లులో, గొట్టంలో నీళ్ళు పోశాడు. పక్కకు నిలబడి కూరే కర్ర లోపలికి పెట్టాడు. గాటు గొట్టం నోటిదాకా రాలేదు. జానెడు బయటే ఆగిపోయింది. అంటే లోపల అతను పెట్టినదానికన్నా ఎక్కువ ఉంది. కర్ర తీసి, మెలికల కొక్కెం దూర్చి మెల్లగా తిప్పి లాగాడు.

ముందు బంకమన్ను వచ్చింది. తర్వాత ఒక ఆడవాళ్ళ మేజోడు, నిండా మందు. తర్వాత మళ్ళీ బంకమన్ను. తర్వాత టైర్ల కంపెనీ క్యాలెండర్ కాగితంలో కట్టిన పొట్లం, దాని మీద మార్చి నెల స్పష్టంగా కనబడుతోంది. అన్నిటికన్నా అడుగున బావ పెట్టిన చిన్న రేకు పొట్లం, తడిసి, ముద్దగా.

ఎవరైనా సిగ్గుపడతారేమో అనుకున్నాను. ఆలొయ్జ్ మేజోడు చూసి తాత మీద మండిపడ్డాడు.

"ఎవడు పెట్టమన్నాడు నిన్ను? నేను పెట్టానుగా."

"నువ్వు పెట్టావని నాకేం తెలుసు? అందరూ కళ్ళు మూసుకుని ఉంటే ఊరికోసం నేను ఒక్కణ్ణే కష్టపడ్డాను. మా ఆవిడ పండగ మేజోడు అది."

"నేను కొలిచి పెట్టాను. చీపురు కర్రతో కూరాను."

"కొలిచాడట. గాలి కొలిచే పంపుతో కొలిచాడేమో."

వాళ్ళిద్దరూ ఎవరి బంకమన్ను మంచిదని కొట్లాడుకుంటూ ఉంటే, ఫాదర్ గారు మోకాళ్ళ మీద పడ్డారు. పవిత్ర జలం పొద్గాయ్‌ని కాపాడిందన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రంజకం తడిసింది తాను తోలు ఎత్తడంవల్లే, అది తన పొరపాటు అని బావ గట్టిగానే చెప్పాడు. ఎవరికీ నచ్చలేదు. అద్భుతం జరిగిన చోట పొరపాటు జరిగిందంటే ఎవరు ఒప్పుకుంటారు?

అతను గొట్టం తోమి, ఆరబెట్టి, సూదితో చిల్లు శుభ్రం చేసి, కొత్త పొట్లం ఒకటి కూరాడు. ఈసారి గాటు చూసి, మళ్ళీ చూసి, కర్ర నా చేతికిచ్చి నన్ను కూడా చూడమన్నాడు. అప్పటికి ఎండ ఎక్కింది, సగం జనం ఇళ్ళకు పోయారు. వత్తి నిప్పు నేను ఆరకుండా ఊదుతూ కాపాడాను. అతను అంటించాడు.

శుభ్రంగా, గుండ్రంగా పేలింది. మోత లోయ దాటి కమెనిత్స గుట్టకు తగిలి మా దగ్గరికి తిరిగొచ్చింది. దానికి జవాబు రాలేదు. రావడానికి అక్కడ మందు లేదు, మనిషీ లేడు.

ఆలొయ్జ్ తాతతో తగాదా ఆపి తల ఎత్తాడు. కాసేపు విన్నాడు. "ఆఖరి మోత మనదే," అన్నాడు నెమ్మదిగా. తర్వాత అదే మాట గట్టిగా అన్నాడు.

సోమవారం సభ అగ్నిమాపక దళం హాల్లో జరిగింది. శత్రువు మందంతా ఖర్చుపెట్టేదాకా ఆగి దెబ్బ తీయడం సంఘం ముందుగా వేసిన పథకమని ఆలొయ్జ్ ప్రసంగించాడు. వాలెంట్ ఆ పథకాన్ని అమలు చేశాడన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బావ లేచి, పథకం లేదు, అది నియమం, ఎక్కడైనా ఎప్పుడైనా ఆగాల్సిందే, అని మొదలుపెట్టాడు. అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. రోక్ తాత తానే వచ్చి టోపీకి ఈక గుచ్చాడు, రెండు వేళ్ళతో.

ఇంటికొచ్చాక ఆ టోపీ పెట్టుకునే బావ అన్నం తిన్నాడు.

"తీసెయ్యి, సూపులో పడుతుంది," అంది వదిన.

"పడనీ," అన్నాడు.

ఒక మనిషి అంత సంతోషంగా ఉండడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఆ ఏడాది సంతలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే వంతు మాది.

మరుసటి ఏడు ఈస్టర్ వచ్చింది. ముందురోజు ఆలొయ్జ్ బావకు సంఘం తీర్మానం వినిపించాడు. కమెనిత్స తమ మందంతా అయిపోగొట్టుకునేదాకా పెద్ద గోలందాజు పేల్చరాదు.

"గంట మోగినప్పుడు పేల్చాలి కదా," అన్నాడు బావ.

"గంటతో మనకేం పని? మనం గెలిచినవాళ్ళం."

తెల్లవారుజామున గుట్ట మీద అన్నీ సక్రమంగా జరిగాయి. కాపలాకు ఈసారి యాల్జా వదిన నిలబడింది, ట్రాక్టర్లు ఎన్ని అడ్డమొచ్చినా కదల్లేదు. తోలు మీదే ఫాదర్ గారు నీళ్ళు చల్లారు, ఈసారి ఆయన ఏమీ అనలేదు. బావ ఈక టోపీ పెట్టుకుని నిప్పు తెచ్చాడు. మహిమ గంట మోగింది.

కమెనిత్స పేల్చలేదు.

మేం ఎదురుచూశాం. అవతలి గుట్ట మీద ఎర్ర చుక్కల్లా జనం కనబడుతున్నారు. వాళ్ళూ ఎదురుచూస్తున్నారు. వాళ్ళూ ఏడాదంతా ఆలోచించుకున్నారు మరి. గంట ఆగిపోయింది. రెండు గుట్టల మీదా రెండు ఊళ్ళు, మధ్యలో లోయ, ఎక్కడా చప్పుడు లేదు. ఈస్టర్ పొద్దున అలాంటి నిశ్శబ్దం మా ముసలాళ్ళెవరూ ఎరగరు. దిగువ ఊళ్లోంచి ఒకామె, పేల్చకుండానే క్రీస్తు లేచాడా, ప్రార్థన చదువుకోవచ్చా అని అడిగి రమ్మని మనిషిని పంపింది.

"ఇంకాసేపు," అన్నాడు ఆలొయ్జ్.

"వాళ్ళకు ఓపిక తక్కువ, మొదలెడతారు చూడు," అన్నాడు రోక్ తాత, బైనాక్యులర్ తిరగేసి పట్టుకుని.

బావ ఒక్కడే ఫిరంగి పక్కన వత్తి కర్రతో నిలబడ్డాడు. నెగడు ఎప్పుడో ఆరిపోయింది. తెచ్చిన తాడు కొంచెం కొంచెంగా కాలుతూ కర్రదాకా వచ్చింది. అది ఆరితే ఈ ఏడాదికి ఇంక నిప్పు లేదు. అగ్గిపెట్టె వాడకూడదు. అతను తాడు వంక చూశాడు, ఆలొయ్జ్ వంక చూశాడు.

"అధ్యక్షా, తాడు అయిపోతోంది."

"లైటర్ ఉందిలే నా దగ్గర."

"అది దీవించిన నిప్పు కాదు."

"ఎవరికి తెలుస్తుంది?"

బావ కర్ర ఎడమచేతికి మార్చుకున్నాడు. టోపీ ఈక సర్దుకున్నాడు. టోపీ తీసి పక్కన పెడతాడేమో అనుకున్నాను, తీయలేదు. "నోటి ముందు ఎవరూ వద్దు. వెనక్కి జరగండి. చెవులు."

"వాలెంట్, అది పేలిందంటే రేపు సభలో నీకు టోపీ ఉండదు. చెప్తున్నా."

"చెవులు, ఆలొయ్జ్."

ఆలొయ్జ్ చెవులు మూసుకున్నాడు. బావ అంటించాడు.

పేలింది. ఇళ్ళల్లో కిటికీలు తెరుచుకున్నాయి. దిగువ ఊళ్లో ఎవరో బిగ్గరగా ప్రార్థన అందుకున్నారు, తర్వాత అందరూ. అవతలి గుట్ట మీద ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కమెనిత్స తన దగ్గరున్న మందంతా, ఏడాది నుంచి దాచుకున్నదంతా, ఒకదాని వెనక ఒకటి పేల్చింది. మేం ఇంటికి వెళ్ళి మాంసం కోసుకున్నాక కూడా పేలుస్తూనే ఉంది.

సభలో ఆలొయ్జ్ అభియోగం చదవడం మొదలుపెట్టేలోపే బావ లేచి టోపీ బల్ల మీద పెట్టాడు. చేతులెత్తమన్నారు. నేనూ వదినా ఎత్తలేదు, మిగతా హాలంతా ఎత్తింది. కొత్త పెద్ద గోలందాజుగా ఆలొయ్జ్ ఎన్నికయ్యాడు. ఫిరంగి మాత్రం సంఘం ఆస్తి కాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, కొత్త ఫిరంగి కోసం ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం మొదటి సమావేశంలో దాని మీద ఏ బొమ్మ ఉండాలో చర్చ మొదలైంది.

బావ అది వినడానికి ఆగలేదు. మెట్లు దిగుతుంటే వదిన అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడిస్తే ఏడువు. ముందు ఇంటికి పద. నిన్న పేల్చినదాన్ని సరిగ్గా తోమకుండా వచ్చావు. మసి పట్టి ఉంటుంది."

నిజమే, తోమలేదు. అతని జన్మలో అదొక్కసారే. మేం ముగ్గురం ముందుగదిలో, లేత్ పక్కన, వేడినీళ్ళు పోసి గొట్టం తోమాం. వదిన నీళ్ళు పోసింది, నేను పట్టుకున్నాను, బావ తోమాడు. చివర్న టార్చిలైటు నా చేతికిచ్చి లోపలికి చూడమన్నాడు.

"బాగానే ఉంది బావా," అన్నాను.

"బాగానే ఉందంటే ఏంటి? మళ్ళీ చూడు," అన్నాడు.